పచ్చనీళ్ల ప్రథమఫలం

మా తమ్ముడు ఏలియా పాస్టరయిన నాటినుంచీ ప్రసంగపీఠం ఎక్కి ఒక కోతితో పోట్లాడుతూనే ఉన్నాడు. "బళ్లో మీ తాత కోతి అని చెబుతారు. వాళ్ల తాత కోతి అయితే అవ్వనీ, మన తాత మాత్రం ఆదాము" అనేవాడు. దోసలంక జనమంతా నవ్వేవాళ్లు. ముందు వరసలో కూర్చున్న వాడి కూతురు కెజియా మాత్రం నవ్వేది కాదు. కాలేజీలో చేరిన ఏడాది ఒక ఆదివారం ఆ కోతి మాట రాగానే లేచి, చెప్పులేసుకుని, ఆరాధన మధ్యలోనే బయటికి వెళ్లిపోయింది. ఆనాటినుంచి తండ్రీ కూతుళ్లు ఉప్పూ నిప్పూ.

నేను దోర్కమ్మను, ఏలియాకు అక్కను. మిషనాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. తల్లి పోయాక కెజియాను పెంచింది నేనే. అందుకని ఇద్దరినీ తిట్టే హక్కు నాకుంది, దాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

కెజియా పెద్ద చదువులు చదివి విశాఖలో ఒక పరిశోధనాలయంలో చేరింది. కంటి ఆపరేషనుకని వెళ్లి దాని ఇంట్లో ఉన్నప్పుడు ఒకరోజు నన్ను వాళ్ల ల్యాబుకు తీసుకెళ్లింది. వేసుకున్న బట్టలు మార్పించి, తలకు టోపీ పెట్టి, రెండు తలుపులు దాటించింది. ఇంతా చేసి లోపలున్నది బురద. పెద్ద పెద్ద పళ్లేల నిండా బంకమన్ను, పైన ఎండలాంటి దీపాలు. కాసేపు ఉప్పునీరు వచ్చి మట్టిని తడుపుతుంది, తర్వాత వెనక్కి పోతుంది, దీపం కింద మట్టి ఎండుతుంది. మళ్లీ నీరొస్తుంది. సముద్రపు ఒడ్డున ఆటుపోట్ల మధ్య మొట్టమొదటి ప్రాణం ఎలా పుట్టి ఉంటుందో చూడాలని ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నారట.

"ఇంత చదువూ చదివి చివరికి బురద పిసుకుతున్నావటే?" అన్నాను.

"అత్తా, నీ ఎడమకాలి చెప్పు కుడికాలికి పడుతుందా?" అంది.

"పట్టదు."

"మన ఒంట్లోగానీ, గడ్డిలోగానీ, సూక్ష్మజీవుల్లోగానీ, ప్రాణమున్న ప్రతిదాంట్లోనూ అణువులది ఒకటే వాటం. అన్నీ ఒకే కాలి చెప్పులనుకో. మేం రెండో కాలివి తయారుచేసి వాటితో మొదలుపెట్టాం. ఎందుకంటే ఇందులో ఏదన్నా కదిలితే, అది బయటినుంచి పడ్డ మురికి కాదు, ఇక్కడే పుట్టిందని రుజువుండాలి గదా."

"మరి కదిలిందా?"

అది నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. పచ్చటి చుక్కలు కనిపించాయి. ఒక చుక్క నడుం దగ్గర సన్నబడి రెండయింది. కాసేపటికి ఆ రెండూ నాలుగయ్యాయి. వెలుతురూ గాలీ ఉప్పునీరూ ఉంటే చాలునట, ఇంకేమీ అడగదట.

"దీన్ని ఏ జీవీ అరిగించుకోలేదు. దీనికి ఏ జబ్బూ రాదు. ఏ ప్రాణికీ దీన్ని ఏం చెయ్యాలో తెలీదు" అంది కెజియా గర్వంగా. వాళ్ల పెద్దాయన డాక్టరు నరహరిగారు పక్కనే నిలబడి, "అందుకేనమ్మా ఇది ఈ గది దాటడానికి వీల్లేదు" అన్నారు. ఆయన ముఖంలో గర్వం లేదు. ఆపేది లేకుండా ఒంట్లో పెరిగే గడ్డను ఆసుపత్రిలో నేను చాలాసార్లు చూశాను. పిల్ల సంతోషం చెడగొట్టలేక దాని పేరు ఎత్తలేదు.

ఆ సాయంత్రమే ఏలియాకు ఫోన్ చేశాను. "నీ కూతురు మట్టిలోంచి ప్రాణం తీసిందిరా. వచ్చి తిట్టి పో" అన్నాను. తిడుతూనైనా ఇద్దరూ ఎదురుపడతారని నా ఆశ.

వచ్చాడు. సంకలో బైబిలు, ముఖంలో చిరాకు. సూక్ష్మదర్శిని మీద వంగినవాడు ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇన్నేళ్లూ నేను సరిగ్గా చదవలేదక్కా" అన్నాడు. "గడ్డిని దేవుడు చేత్తో చేశాడని సృష్టి అధ్యాయంలో ఎక్కడా లేదు. మొలిపించమని భూమికి చెప్పాడు. భూమి విన్నది. నీళ్లకీ చెప్పాడు, నీళ్లూ విన్నాయి. ఏ దారిన విన్నాయో, ఎంతకాలం పట్టిందో రాయలేదు. ఆ దారి నా కూతురు వెతుకుతోంది. నేనేమో కోతిని కొడతా కూర్చున్నాను."

"నేను చెప్పాలనుకున్నదీ అదే నాన్నా" అంది కెజియా. "మట్టికి ఆ గుణం ఉంది. ఎవరు పెట్టారని నువ్వడుగు. ఎలా పనిచేస్తుందని నేనడుగుతాను. ఇద్దరం ఒకే బురద దగ్గర నిలబడ్డాం గదా."

వాడు కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. నా కడుపు చల్లబడింది. అయినా నా నోరు ఊరుకోదు. "దేవుడు ముందు చేసి, చేసినదాన్ని చూసి, ఆ తర్వాతే మంచిదన్నాడు. మీరిద్దరూ చూడకుండానే అనేస్తున్నారు" అన్నాను. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు. అత్తకన్నీ అనుమానాలేనంది కెజియా. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం చూసి నేనూ నవ్వేశాను.

మా లంకలో కోతపండుగ పెద్ద పండుగ. ఎవరింట్లో ఆ ఏడు ఏది మొదట పండితే అది బలిపీఠం ముందు పెట్టాలి. మొదటి వరికంకి, మొదటి అరటిగెల, మొదటి పట్టు రొయ్యలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి మొదటి జీతం. ప్రార్థన అయ్యాక అన్నీ గుడి ఆవరణలో వేలం వేస్తారు. ఇచ్చినవాళ్లు తమ వస్తువును తామే పాడుకోకూడదు. ఆ ఏడు దెబ్బతిన్న ఇంటివాళ్లు చెయ్యెత్తితే వాళ్ల మీద ఎవరూ పోటీ పాడకూడదు. మా తాతల కాలంనుంచీ ఇదే కట్టుబాటు.

ఆ ఏటి కోతపండుగకు కెజియా ప్రథమఫలం తేవాలని, విశాఖలో దాని ఇంట్లో ఉండగానే ఏలియా పట్టుబట్టాడు. ఊరందరి ముందూ కూతురిని నిలబెట్టి, ఇన్నాళ్లూ తప్పు మాట్లాడానని ఒప్పుకుంటానన్నాడు.

"సరే నాన్నా. ఉడికించి చంపేసిన నీళ్లు ఒక గొట్టంలో తెస్తాను" అంది కెజియా.

"చచ్చినదాన్ని బలిపీఠం మీద పెడతామా? కుంటికోడిని కూడా తీసుకోం గదమ్మా. ప్రాణమున్నదే తేవాలి" అన్నాడు వాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అది గది దాటకూడదని ఆ పెద్దాయన చెప్పాడా లేదా?" అని నేను అడ్డం పడ్డాను. కెజియా నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఇన్నేళ్ల తర్వాత నాన్న నన్ను 'నా కూతురు' అన్నాడత్తా. ఈ ఒక్కటీ కాదనలేను. గాజుగొట్టం మూతి మంటలో కరిగించి మూసేస్తాను. పగలగొడితే తప్ప రాదు. వేలంలో నువ్వు పాడి తీసుకో, మళ్లీ పట్టుకుపోతాను" అంది. ఇంజక్షను మందు గొట్టాలు జీవితమంతా విరిచినదాన్ని, అవి ఎంత తేలిగ్గా విరుగుతాయో నాకు తెలుసు. చెప్పాను కూడా. అప్పటికే దాని ముఖం వెలిగిపోతోంది. వినే స్థితిలో లేదు.

పండుగనాడు బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి మధ్య తెల్లగుడ్డ మీద పచ్చటి నీళ్లున్న ఆ చిన్న గొట్టం. "ఇక ఆ కోతితో నాకు తగువు లేదు" అని ఏలియా అంటే గుడి గుడంతా చప్పట్లు కొట్టింది. మట్టికి దేవుడిచ్చిన ఆజ్ఞ ఇంకా పనిచేస్తోందనీ, దానికి ఈ గొట్టమే సాక్ష్యమనీ చెప్పాడు. ఆమీదట దాని మీద చెయ్యి ఉంచి, సృష్టినాడు నీటిలోని ప్రాణులకు దక్కిన దీవెననే చదివాడు. పెరగమనీ, జలాలను నింపమనీ. అందరం ఆమేన్ అన్నాం. నేనూ అన్నాను.

వేలంలో గొట్టం వంతు వచ్చింది. నేను చెయ్యెత్తాను. వెనకనుంచి తీతు ఎత్తాడు.

తీతుది ఉప్పుటేరు వైపు కౌలుచెరువు. కిందటి పంటకు తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్య మొత్తం పోయింది. పెళ్లాం మెళ్లో పసుపుతాడు మిగిలింది. వాడు చెయ్యెత్తగానే మిగతావాళ్లంతా చేతులు కట్టుకున్నారు. నేను మళ్లీ పాడాను. జనం నావైపు తిరిగారు.

"నర్సమ్మగారూ, ఇదేం పద్ధతండి? తీతు పాడాక తవరు పాడతారేంటండి?" అన్నాడు సంఘపెద్ద.

"నాకు కావాలి" అన్నాను.

"అక్కా, వదిలెయ్" అన్నాడు ఏలియా వేలంబల్ల దగ్గరినుంచి. వాడి కళ్లలో కంగారు కనిపించింది. కానీ ఆ కట్టుబాటును ఏటేటా నేర్పినవాడు వాడే. నా చెవి దగ్గరికొచ్చి, "మూసే ఉంది గదా. విందు కాగానే తీతు ఇంటికెళ్లి అడిగి తెచ్చేస్తాను" అన్నాడు. కెజియా ల్యాబులో చెప్పకుండా పట్టుకొచ్చిందని నలుగురిలో చెబితే దాని ఉద్యోగం ఊడుతుంది. నేను చెయ్యి దించాను.

విందులో ఏలియా ఒక్క ముద్ద కూడా సరిగ్గా తినలేదు. భోజనాల బంతి లేవగానే ముగ్గురం తీతు ఇంటికి వెళ్లాం. గడపలో వాడి పెళ్లాం ఉంది. "చెరువు కాడికి ఎల్లారండి. దీవించిన ఇత్తనం ముద్ద నోట్లో ఎట్టకముందే సల్లాలి గదండి" అంది.

గాజుగొట్టాన్ని విత్తనమనుకుంటాడని మాలో ఎవరికీ తోచలేదు. నీళ్లకు పచ్చరంగు తిరగడానికి రొయ్యల రైతులు నాచు విత్తనం సీసాలకు సీసాలు చెరువుల్లో గుమ్మరిస్తారని చిన్నపిల్లకు కూడా తెలిసిన ఊళ్లో, పాస్టరుకు తోచలేదు, నాకూ తోచలేదు.

మేం వెళ్లేసరికి తీతు గట్టు మీద చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. విరిగిన గొట్టాన్ని కండువా కొసలో జాగ్రత్తగా మూటకట్టుకున్నాడు. "పోసేశానండయ్యగారూ. సరిగ్గా ఉప్పునీళ్ల చెరువండి మాది, బాగా పడుద్దండి" అన్నాడు.

కెజియా గట్టు మీద కూలబడిపోయింది. కాస్త తేరుకుని, "తీతూ, ఇప్పుడే బ్లీచింగు పొయ్యాలి. తూము తియ్యొద్దు, బొట్టు నీళ్లు బయటికి పోకూడదు" అంది.

"నిన్ననే సీడు వదిలానండమ్మాయిగారూ. బ్లీచింగు పోస్తే రొయ్యపిల్లలన్నీ సచ్చిపోవాండీ? ఈసారి కూడా పోతే మేం బతకమండి." వాడు ఏలియా వైపు తిరిగాడు. "అయ్యగారూ, తవరు దీవించిందేగదండి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీవించినదాన్ని విషమనాలి, లేకపోతే ఊరుకోవాలి. నా తమ్ముడు ఊరుకున్నాడు. "చూద్దాంలే అమ్మా, గుక్కెడు నీళ్లేగా" అన్నాడు కూతురితో. నాకు ఒళ్లు మండిపోయింది. తీతు చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, అది మంచిది కాదురా, నా మాట విను" అన్నాను. "అయ్యగారు పార్దన చేశారు గదండి నర్సమ్మగారూ" అని వాడు నవ్వాడు. సృష్టి అధ్యాయం తండ్రినీ కూతురినీ కలిపిందని నేను సంబరపడ్డాను. ఇప్పుడు అదే అధ్యాయం మా అందరి నోళ్లూ కట్టేసింది.

కెజియా అప్పుడే విశాఖ బస్సెక్కి వెళ్లి నరహరిగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన తిట్టలేదట. కుర్చీలో కూర్చుని, నీళ్లు ఉప్పువా మంచివా అని మాత్రం అడిగారట. అక్కడినుంచి పై అధికారులకు చెప్పడం, వాళ్లు నమ్మకపోవడం, నమ్మాక ఏ శాఖవాళ్లు కదలాలో తేలకపోవడం. ఇక్కడ చెరువు ఎవరికోసమూ ఆగలేదు.

అంత పచ్చటి నీళ్లు లంకలో ఎవరూ చూడలేదు. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. తీతు చెరువుకు దీవెన తగిలిందని పక్క రైతులు బిందెలతో తీసుకెళ్లి తమ చెరువుల్లో పోసుకున్నారు. రంగు బాగున్న చెరువునుంచి నీళ్లు అడగడం, కాదనకుండా ఇవ్వడం ఇక్కడ మామూలే. గట్ల వెంట తిరిగి ఇవ్వొద్దని, తీసుకోవద్దని మొత్తుకున్నాను. ముసలమ్మకు తీతు మీద కుళ్లన్నారు. ఏలియా ఇంట్లోంచి బయటికి రావడం తగ్గించాడు.

తర్వాత రొయ్య తేలడం మొదలైంది. తీతు ఒకదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. పేగు నిండా పచ్చగా మేత ఉంది. గుల్ల నొక్కితే లోపల కండ లేదు, డొల్ల. కడుపునిండా తింటూనే ఆకలితో చచ్చిపోయాయి. చెరువులో మామూలు నాచు పోయింది, దాన్ని తినే పురుగు పోయింది, పురుగును తినే చిన్నచేప పోయింది. కొంగలు గట్టు మీద నిలబడి నిలబడి ఎగిరిపోయాయి. పచ్చదనం మాత్రం కుళ్లలేదు, వాసన రాలేదు. దాన్ని కుళ్లబెట్టగలిగినది ఈ లోకంలో లేదు మరి.

చివరికి అధికారులొచ్చారు, నరహరిగారూ కెజియా వచ్చారు. ట్రాక్టర్లతో బ్లీచింగు, సున్నం దింపి పోశారు. చెరువులు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టారు. నెర్రెల మీద తొలి జల్లు పడగానే బీటల అంచులు పచ్చబడ్డాయి. నరహరిగారు గట్టు మీద కూర్చుని ఆ బీటలనే చూస్తూ ఉండిపోయారు.

"ఎండబెడితే చావదేమే?" అని అడిగాను కెజియాను.

"ఎండటం, తడవటం... అందులోనే గదత్తా అది పుట్టింది" అంది. ఏడుపు లేని గొంతుతో చెప్పింది. అది ఏడ్చినా బాగుండేది.

"సముద్రంలో పడితే?"

"సముద్రంలో కూడా దాన్ని తినేది ఏదీ లేదు. వెలుతురు, గాలి అన్నీ అదే తీసుకుంటుంది. ఎప్పటికో నాకు తెలీదు. మనం తినే తిండి, పీల్చే గాలి, అన్నీ సముద్రంతో ముడిపడినవే గదా."

చెరువుల మురుగుకాలువ ఉప్పుటేటిలో కలిసేచోట ఇసుకబస్తాలతో అడ్డకట్ట వేశారు. వాయుగుండం వాన రెండు పూటలు ఏకధాటిగా కురిసింది. కట్ట తెగిందని కబురొచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. సముద్రం పోటు మీద ఉండడంతో నీరు కాలువలోకి ఎగదన్నుతోంది. కాలువలో పచ్చదనం ఎటూ కదలకుండా నిండుగా నిలిచి ఉంది. మగవాళ్లు బస్తాలు మోస్తున్నారు, వేసిన బస్తా వేసినట్టే జారిపోతోంది.

ఏలియా వచ్చాడు. తెల్ల అంగీ బురదయింది. జనం దారిచ్చారు. ఎవరూ నమస్కారం పెట్టలేదు. తీతు భుజం మీది బస్తా దించి ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక్కమాట అడుగుతానండి. ఇది దేవుడు చేశాడాండీ? అమ్మాయిగారు చేశారాండీ?"

బస్తాలు మోసేవాళ్లు ఆగిపోయారు. కెజియా నా పక్కనే ఉంది, నా చెయ్యి పట్టుకుంది. దేవుడే అంటే ఈ జనానికి రేపటినుంచి గుడి లేదు. కూతురే అంటే దాన్ని ఈ గట్టు దాటనివ్వరు. గునపాలు, పారలు అందరి చేతుల్లో ఉన్నాయి. దేవుడి ఆజ్ఞకు కూతురి గొట్టమే సాక్ష్యమని పీఠం ఎక్కి చెప్పిన నోరు అది.

"మట్టికి ఆ గుణం దేవుడిచ్చాడు తీతూ" అన్నాడు ఏలియా మెల్లగా. "దాన్ని కనిపెట్టింది నా కూతురు. గది దాటించొద్దంటే దాటించమన్నది నేను. చచ్చింది తెస్తానంటే ప్రాణమున్నది తెమ్మన్నది నేను. నువ్వు పోసిన రోజున నిజం చెబితే ఒక్క నీ చెరువుతో పోయేది. చెప్పనిది నేను. ఎవరినన్నా అడగాలంటే నన్నడగండి."

తీతు వాడివైపు అలాగే చూశాడు. ఆ చూపులో కోపమే ఉంటే నేను భయపడేదాన్ని కాను, ఇంకా నమ్మకం ఉంది.

"అయితే శపించండయ్యగారూ. దీవించింది తవరే గదండి. ఆ చేత్తోనే శపించండి. తవరి మాటకి పెరిగింది, తవరి మాటకే సస్తాది."

"తీతూ..."

"శపించండయ్యగారూ" అన్నారు వెనకనుంచి ఆడవాళ్లు. అందరూ పారలు కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నారు బురదలో.

నా తమ్ముడు నీళ్ల అంచుదాకా నడిచి చెయ్యెత్తాడు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. ఎండిపోవాలన్నాడు, నశించాలన్నాడు, దాని పేరు భూమ్మీద మిగలకూడదన్నాడు. ఊరంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. తీతు వంగి దోసెడు నీళ్లు తీసుకుని, రంగు మారుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. అందరూ ఆ దోసిలినే చూస్తున్నారు.

కెజియా ఒక్కతే అటు చూడలేదు. అది ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ వైపు చూస్తోంది. పోటు తగ్గి, పచ్చటి కాలువ సముద్రం వైపు పారడం మొదలుపెట్టింది.